కాగితం ఎందుకు పెళుసుబారుతుంది?

మీ ఇంట్లో పాత సందుగ ఒకటి ఉండే ఉంటుంది. పెద్దల అనుమతి తీసుకుని, చేతులు కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని దానిని ఒకసారి తెరిచి చూడండి. భూమి కాగితాలు, శిస్తు రసీదులు, నానమ్మ బీడీ కార్మికురాలి గుర్తింపు కార్డు, దుబాయి నుంచి వచ్చిన ఉత్తరాలు, అందరి మార్కుల పత్రాలు అందులో కనిపిస్తాయి. అడుగున ఎప్పుడో పరచిన వార్తాపత్రిక ఒకటి ఉంటుంది. ఆ పత్రిక అంచును మెల్లగా వంచి చూడండి. అప్పడంలా పుటుక్కున విరుగుతుంది. రంగు చూస్తే గోధుమవన్నె. మడత ఉన్నచోట కాగితం దానంతటదే రెండు ముక్కలై ఉంటుంది.

ఎవరూ దానిని ముట్టలేదు. చెదలు పట్టలేదు. వానకు తడవలేదు. మరి సందుగలో ఊరకే పడి ఉన్న కాగితానికి ఏమైంది?

“పాతబడింది” అని సమాధానం చెప్పి ఊరుకోవచ్చు. కాని అది సరైన సమాధానం కాదు. హైదరాబాదులో తార్నాక వద్ద రాష్ట్ర అభిలేఖాగారం ఉంది. ప్రభుత్వపు పాత దస్త్రాలను భద్రపరచే సంస్థ అది. షాజహాను (పాలనాకాలం 1628–1658), ఔరంగజేబు (1658–1707) కాలాలనాటి పారశీక పత్రాలు అక్కడ లక్షకు పైగా ఉన్నాయి. మూడు వందల ఏళ్లు దాటినా వాటిని ఇప్పటికీ చదువుతున్నారు. వాటి కాగితం చేతితో చేసినది. ఇక 1926లో హైదరాబాదులో మొదలైన గోలకొండ పత్రిక వంటి వార్తాపత్రికల కాగితానికి వయసు నూరేళ్లే. అయినా ఆ కాలపు వార్తాపత్రికలను గ్రంథాలయాల్లో పుట తిప్పాలంటేనే జంకుతారు. ముత్తాత గట్టిగా ఉండగా మనుమడు కూలబడినట్లుంది ఈ కథ! అంటే కాగితాన్ని చెడగొట్టేది వయసు ఒక్కటే కాదన్నమాట. అదేమిటో తెలుసుకుందాం.

ఖాదీ బట్టా, కాగితమూ బంధువులే

మన మెట్‌పల్లి ఖాదీకి పేరు పొందిన ఊరు. ఖాదీ నూలును, మీ నోటు పుస్తకంలోని పుటను పక్కపక్కన పెట్టి చూస్తే పోలిక కనిపించదు. కాని రసాయనశాస్త్రం దృష్టిలో రెండింటిలోని ముఖ్య పదార్థం ఒక్కటే. దాని పేరు సెల్యులోజ్. చెట్లు, గడ్డి, పత్తి, జనుము అన్నీ తమ శరీరాలను కట్టుకునేది ఈ సెల్యులోజ్‌తోనే.

సెల్యులోజ్ అణువు ఒక పొడవాటి గొలుసు. అందులోని ఒక్కొక్క కొండి ఒక గ్లూకోజ్ ప్రమాణం. రెండు గ్లూకోజ్ ప్రమాణాల నడుమ ఒక ఆక్సిజన్ పరమాణువు వంతెనలా నిలిచి వాటిని కలుపుతుంది. పత్తి పింజలో ఒక్కో గొలుసులో సుమారు 10,000 గ్లూకోజ్ ప్రమాణాలు ఉంటాయి. కాగితం తయారయ్యేలోగా నానబెట్టడం, ఉడికించడం, దంచడం వలన ఈ గొలుసులు తెగి వెయ్యి, రెండు వేల ప్రమాణాల పొడవుకు వస్తాయి. అయినా ఆ కాగితం గట్టిగానే ఉంటుంది.

గొలుసు పొడవుకూ బలానికీ ఏమిటి సంబంధం? నేత పని తెలిసినవారిని అడగండి. పొడుగు పింజ పత్తితో వడికిన నూలు గట్టిగా ఉంటుందనీ, పొట్టి పింజ నూలు ఊరకే తెగుతుందనీ చెబుతారు. పొడవైన పోగులు ఒకదానినొకటి ఎక్కువ మేర పట్టుకుని ఉంటాయి కనుక లాగినా ఊడిరావు. కాగితపు నారలో సెల్యులోజ్ గొలుసులు కూడా ఇలాగే పక్కపక్కన పడుకుని ఒకదానినొకటి పట్టుకుని ఉంటాయి. గొలుసులు పొట్టివైతే పట్టు తగ్గుతుంది. కాగితం మడతకు ఓర్చుకోలేదు.

వెయ్యికి నాలుగు తెగితే చాలు

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. 1,000 గ్లూకోజ్ ప్రమాణాలున్న గొలుసును తీసుకోండి. అందులో వాటిని కలిపే బంధాలు 999. ఒక బంధం సరిగా మధ్యలో తెగిందనుకుందాం. 500 ప్రమాణాల ముక్కలు రెండు వస్తాయి. నాలుగు బంధాలు సమాన దూరాల్లో తెగితే? 200 ప్రమాణాల ముక్కలు ఐదు వస్తాయి. సగటు పొడవు సుమారు రెండు వందలకు దిగిన కాగితం వంచగానే విరుగుతుందని పరీక్షల్లో తేలింది.

ఎన్ని బంధాలు తెగాయో మళ్లీ చూడండి. 999లో నాలుగే! నూటికి అర కూడా లేదు. తూకం వేస్తే ఆ కాగితం బరువు దాదాపు మారదు. సెల్యులోజ్ చాలావరకు అలాగే ఉంటుంది. అయినా కాగితం పనికి రాకుండా పోతుంది. కాగితం విషయంలో ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది ఇదే. నష్టం చాలా చిన్నదిగా మొదలవుతుంది. కంటికి కనిపించే సరికి పని దాదాపు పూర్తయి ఉంటుంది.

మరి ఈ బంధాలను తెంచేది ఎవరు? నీరు. అవును, గాలిలోని తేమగా కాగితంలో చేరే మామూలు నీరే. ఒక్కో బంధం తెగినప్పుడు ఒక్కో నీటి అణువు అక్కడ చేరుతుంది. దీనినే జలవిశ్లేషణ అంటారు. కాని నీరు ఒంటరిగా ఈ పని చేయాలంటే ఎంతో కాలం పడుతుంది. పక్కన ఆమ్లం ఉందంటే పని చురుకుగా సాగుతుంది. ఆమ్లంలోని హైడ్రోజన్ అయాను గ్లూకోజ్‌ల నడుమనున్న ఆక్సిజన్‌ను అంటిపెట్టుకుని బంధాన్ని బలహీనపరుస్తుంది. నీటి అణువు వచ్చి దానిని తెంచుతుంది. హైడ్రోజన్ అయాను మళ్లీ విడుదలై ఇంకో బంధం దగ్గరకు పోతుంది. అంటే ఆమ్లం ఖర్చు కాదు. ఎంత కోసినా అరగని కత్తెర అది! ఇలా తాను ఖర్చు కాకుండా చర్యను వేగపరచే పదార్థాన్ని ఉత్ప్రేరకం అంటారని మీరు చదువుకున్నారు.

పైగా సెల్యులోజ్ చెడేటప్పుడు కొన్ని కొత్త ఆమ్లాలు కూడా పుడతాయి. కత్తెర తన పిల్లలను తానే కంటుందన్నమాట. కనుక కాగితం చెడేకొద్దీ ఇంకా వేగంగా చెడుతుంది.

సున్నం దాచిన బలం

ఇంతకీ కాగితంలోకి ఆమ్లం ఎక్కడి నుంచి వచ్చింది? దీనికి రెండు రకాల తయారీ పద్ధతులను పోల్చి చూడాలి.

మన పొరుగున ఉన్న కోరుట్లలో ఒకప్పుడు చేతితో కాగితం తయారయ్యేది. మన దేశంలో చేతి కాగితం చేసే పాత పద్ధతి స్థూలంగా ఇలా ఉండేది. జనుము నారను, పాత గోనెలను, తాళ్లను, పాత గుడ్డలను ముక్కలు చేసి సున్నపు నీటిలో నానబెట్టేవారు. కాలితో తొక్కే పెద్ద రోకళ్లతో దంచి గుజ్జు చేసేవారు. ఆ గుజ్జును తొట్టిలోని నీటిలో కలిపి, సన్నని గడ్డిపుల్లల చాపతో ఒక్కొక్క పొర ఎత్తేవారు. ఆరిన కాగితానికి గంజి పట్టించి, నున్నని రాయితో రుద్ది మెరుపు తెచ్చేవారు.

గంజి ఎందుకు? గంజి లేని కాగితం మీద రాస్తే సిరా అద్దుడు కాగితం మీద వలె పాకుతుంది. పడుగుకు గంజి పెట్టినట్లే కాగితానికీ పెట్టేవారు. ఇక ఆ సున్నం సంగతి. ఎంత కడిగినా కొంత సున్నం నారలో మిగిలిపోతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి అది కాల్షియం కార్బొనేట్‌గా, అంటే సుద్దగా మారుతుంది. తరువాత ఏనాడు కాగితంలో ఆమ్లం పుట్టినా ఈ సుద్ద దానిని తటస్థం చేస్తుంది. కడుపులో మంటకు మందు బిళ్ల వేసుకున్నట్లన్నమాట. ఆ పనివారికి రసాయన సమీకరణాలు తెలియకపోవచ్చు. కాని వారి కాగితం తన మందును తనలోనే దాచుకుని పుట్టింది.

యంత్రాలు వచ్చాక పద్ధతి మారింది. జర్మనీకి చెందిన ఇల్లిగ్ 1807లో ఒక కొత్త ఉపాయాన్ని ప్రకటించాడు. పైన్ చెట్ల బంక నుంచి తీసే రోసిన్‌ను, పటికను గుజ్జులోనే కలిపితే సిరా పాకదని చూపాడు. పని తేలిక, ఖర్చు తక్కువ. ప్రపంచమంతా ఆ పద్ధతి పాకింది. రానురాను కాగితపు మిల్లులు మామూలు పటికకు బదులు అల్యూమినియం సల్ఫేట్‌ను వాడసాగాయి. చిక్కు దానితోనే వచ్చింది. స్థూలంగా దాని చర్య ఇది:

అల్యూమినియం సల్ఫేట్ + నీరు → అల్యూమినియం హైడ్రాక్సైడ్ + సల్ఫ్యూరిక్ ఆమ్లం

చూశారా! కాగితం పుట్టుకతోనే తన కత్తెరను వెంట తెచ్చుకుంది.

రెండో మార్పు ముడిసరుకులో వచ్చింది. గుడ్డపేలికలు చాలకపోవడంతో, 1844 ప్రాంతంలో జర్మనీలోనే కెల్లర్ అనే అతను కొయ్యను రాతిచక్రంపై అరగదీసి గుజ్జు చేయడం కనిపెట్టాడు. చౌక వార్తాపత్రికల కాగితానికి అదే ఆధారమైంది. కాని కొయ్యలో సెల్యులోజ్‌తోపాటు లిగ్నిన్ అనే పదార్థం కూడా ఉంటుంది. చెట్టుకు గట్టితనం ఇచ్చేది అదే. వెలుతురు, ఆక్సిజన్ తగిలితే లిగ్నిన్ ఆక్సీకరణం చెంది పసుపు, గోధుమ వన్నెలు గల పదార్థాలుగా మారుతుంది. సందుగ అడుగున ఉన్న పత్రిక రంగు మారడానికి కారణం ఇదే. మంచి రాత కాగితం చేసేటప్పుడు గుజ్జును రసాయనాలతో ఉడికించి లిగ్నిన్‌ను చాలావరకు తొలగిస్తారు. 1938లో స్థాపితమైన సిర్పూరు పేపరు మిల్లులో వెదురును ఇలాగే ఉడికించి గుజ్జు తీసేవారు. ఆ మిల్లు ఉన్న ఊరికి కాగజ్‌నగర్ అని పేరు. ఉర్దూలో కాగజ్ అంటే కాగితమే కదా!

కాగితం పెళుసుబారడానికి ఆమ్లమే ముఖ్య కారణమని గట్టిగా చాటినవారిలో అమెరికాకు చెందిన విలియం బారో ఒకడు. 1900 నుంచి 1949 వరకు అచ్చయిన 500 పుస్తకాల కాగితాన్ని అతడు పరీక్షించాడు. వాటిలో అత్యధిక భాగం ఎక్కువ కాలం నిలవవని 1959లో వెల్లడించాడు. ఆ తరువాత గ్రంథాలయాలు మేలుకున్నాయి. మిల్లులు కూడా క్రమంగా దారి మార్చుకున్నాయి. ఈ రోజుల్లో దొరికే తెల్ల కాగితంలో చాలా రకాలకు పటికకు బదులు వేరే పదార్థాలు వాడి, సుద్దపొడి కలుపుతున్నారు. పాత సున్నం మళ్లీ తిరిగి వచ్చిందన్నమాట.

వేడి చేసే లెక్క

కాగితం ఎలా పుట్టిందన్నది మన చేతిలో లేదు. దానిని ఎక్కడ ఉంచుతామన్నది మాత్రం మన చేతిలోనే ఉంది.

వేడి పెరిగితే రసాయన చర్యలు వేగం పుంజుకుంటాయి. కాగితం విషయంలో ప్రతి 5 డిగ్రీల సెంటీగ్రేడుకు చెడే వేగం సుమారు రెట్టింపవుతుందని ఒక అంచనా. మన జగిత్యాల ప్రాంతంలో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలు ఉంటుందనుకోండి. 25 డిగ్రీల కంటే అది 20 డిగ్రీలు ఎక్కువ. అంటే నాలుగుసార్లు రెట్టింపు: 2, 4, 8, 16. చల్లని గదిలో పదహారు గంటల్లో జరిగే నష్టం ఇక్కడ ఒక్క గంటలో జరుగుతుంది. రేకుల కప్పు కింద అటక మీద ఉన్న ఇనుప సందుగలో వేడి ఇంకా ఎక్కువ ఉంటుంది.

జలవిశ్లేషణకు నీరు కావాలి కనుక తేమ రెండో శత్రువు. వానాకాలంలో కాగితం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ మరీ ఎక్కువైతే బూజు కూడా పడుతుంది. మూడో శత్రువు వెలుతురు. అతినీలలోహిత కిరణాలు లిగ్నిన్‌ను, సెల్యులోజ్‌ను రెండింటినీ దెబ్బతీస్తాయి.

సిరా పాత్ర కూడా తక్కువేమీ కాదు. దీపపు మసితో చేసిన సిరా కేవలం కార్బన్. కాగితానికి హాని చేయదు. కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి చేసే సిరా అటువంటిది కాదు. అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేట్. ఆ సిరా తయారైనప్పుడు సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. ఇనుప అయాన్లు ఆక్సీకరణాన్ని వేగపరుస్తాయి. కొన్ని పాత పత్రాల్లో అక్షరం ఉన్నంత మేర కాగితం కాలినట్లు చిల్లుపడి ఉండడానికి కారణం ఇదే.

ఇదంతా మనకెందుకు?

1954–55లో అప్పటి హైదరాబాదు రాష్ట్రంలో గ్రామగ్రామాన ఖాస్రా పహాణీ తయారైంది. ఏ సర్వే నంబరు భూమి ఎవరిది, సాగు చేసేది ఎవరు అన్న వివరాలు అందులో రాశారు. ఈనాడు భూమి వివరాలు కంప్యూటరులో కనిపిస్తున్నా, తగవు వచ్చినప్పుడు ఆ పాత పుటనే వెతుకుతారు. దాని వయసు 70 ఏళ్లు దాటింది. ఆ పుటలో మడత పడిన చోట ఒక అంకె రాలిపోతే, ఒక కుటుంబం తన గుంట భూమికి ఆధారం చూపలేక నిలబడవలసి వస్తుంది. గుర్తింపు కార్డులో పుట్టిన సంవత్సరం చెరిగిపోతే, నానమ్మ వయసుకు రుజువు ఇంకెక్కడ వెతుకుతాం?

తెగిన సెల్యులోజ్ గొలుసును తిరిగి అతికించే ఉపాయం లేదు. అభిలేఖాగారాల్లో నిపుణులు క్షారగుణం గల ద్రావణాలతో ఆమ్లాన్ని తటస్థం చేసి నష్టాన్ని ఆపుతారు. పలుచని బలమైన కాగితాన్ని అతికించి ఊతమిస్తారు. కాని పోయిన బలాన్ని వెనక్కి తేలేరు. కనుక కాగితం బాగున్నప్పుడే జాగ్రత్త పడాలి. మీరు ఇంట్లో చేయగలిగిన పనులు ఇవి.

1. ముఖ్యమైన కాగితాలను అటక మీది నుంచి దించి, ఇంట్లో చల్లగా, పొడిగా ఉండే గదిలో, నేలకూ గోడకూ ఆనకుండా ఉంచండి.

2. మడతలు విప్పి పరచి ఉంచండి. మడత దగ్గర నారలు ముందే అలసి ఉంటాయి.

3. గుండుసూదులు, పిన్నులు, రబ్బరు బ్యాండ్లు, అంటుకునే టేపు తీసేయండి. తుప్పు ఆక్సీకరణాన్ని పెంచుతుంది. టేపు జిగురు మరకవుతుంది. ఊడి రాని టేపును మాత్రం లాగకండి.

4. మంచి కాగితాల మధ్య వార్తాపత్రిక పెట్టకండి. దాని ఆమ్లం పక్క కాగితానికి పాకుతుంది. ఉతికి ఆరబెట్టిన తెల్ల నూలు గుడ్డలో చుట్టండి. దస్త్రాలను గుడ్డలో మూటగట్టే పాత అలవాటు మంచిదే.

5. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో ఉంచిన జిరాక్సు కాపీ అక్షరాలు కవరుకు అంటుకోవడం మీరు చూసే ఉంటారు. కవరును మెత్తబరచడానికి కలిపిన నూనెవంటి పదార్థాల పని అది. అటువంటివి వద్దు.

6. అసలు పత్రాలను లామినేషన్ చేయించకండి. యంత్రపు వేడి కాగితానికి చేటు. లోపలి ఆమ్లం లోపలే ఉంటుంది. మళ్లీ విప్పడం సాధ్యం కాదు.

7. వానలు వెలిసిన పొడి రోజున నీడలో గాలి తగలనివ్వండి. ఎండలో పెట్టకండి. చెదలు, వెండి పురుగులు ఉన్నాయేమో అప్పుడే చూడండి.

8. ప్రతి ముఖ్య కాగితానికి ఫోటో తీసి, జిరాక్సు తీయించి వేరే చోట ఉంచండి. జిరాక్సు అక్షరాలకు నలుపునిచ్చేది సాధారణంగా కార్బనే. అది తొందరగా వెలిసిపోదు.

ఇంకొక హెచ్చరిక. ఏటీఎం చీటీలు, బస్సు టికెట్లు, కొన్ని దుకాణాల రసీదులు వేడితో అచ్చయ్యే ప్రత్యేక కాగితం మీద వస్తాయి. దాని పూతలో రంగులేని ఒక అద్దకం, ఒక బలహీన ఆమ్లం ఉంటాయి. వేడి తగిలిన చోట అవి కలిసి నలుపెక్కుతాయి. ఆ కలయిక శాశ్వతం కాదు. కొన్ని నెలల్లో అక్షరాలు మాయం కావచ్చు. డబ్బు కట్టిన రసీదు అటువంటిదైతే ఆ రోజే జిరాక్సు తీయించండి.

చేసి చూడండి

ఒకటి: నేటి వార్తాపత్రిక ముక్క సగభాగంపై మందపాటి నల్ల కాగితం కప్పి, వారం రోజులు ఎండలో ఉంచండి. తరువాత నల్ల కాగితం తీసి రెండు సగాల రంగు పోల్చండి. నోటు పుస్తకం కాగితంతో ఇదే ప్రయోగం చేయండి. లిగ్నిన్ దేనిలో ఎక్కువ ఉందో మీరే చెప్పగలరు.

రెండు: పనికిరాని పాత కాగితాన్ని, కొత్త కాగితాన్ని ఒకే కొలతలో కత్తిరించండి. ఒకే గీత మీద ముందుకూ వెనక్కూ మడుస్తూ, ఎన్ని మడతలకు తెగాయో లెక్కించి రాయండి.

మూడు: పాఠశాల ప్రయోగశాలలో మీ ఉపాధ్యాయుల సమక్షంలో, కొత్త తెల్ల కాగితంపై ఒక చుక్క సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి భూతద్దంతో చూడండి. సన్నని బుడగలు వస్తే అందులో సుద్ద ఉన్నట్లు. ఆ బుడగలు ఏ వాయువువో మీకు తెలుసు.

ఈ ప్రయోగాలకు ఇంట్లోని అసలు పత్రాలను ఎంతమాత్రం వాడకండి.

ఆలోచించండి

1. 2,000 గ్లూకోజ్ ప్రమాణాలున్న గొలుసు 200 ప్రమాణాల ముక్కలు కావాలంటే ఎన్ని బంధాలు తెగాలి? అది మొత్తం బంధాల్లో నూటికి ఎంత?

2. ఒక గదిలో 30 డిగ్రీలు, మరో గదిలో 40 డిగ్రీలు ఉన్నాయి. పై లెక్క ప్రకారం రెండో గదిలో కాగితం ఎన్ని రెట్ల వేగంతో చెడుతుంది?

3. చేతి కాగితమైనా అన్నభేది సిరాతో రాస్తే చెడవచ్చు. దానిలో మిగిలిన సున్నం కొంత కాపాడుతుంది. ఎంతకాలం కాపాడుతుంది? సుద్ద అంతా ఖర్చయిన తరువాత ఏమవుతుంది?

మూడో ప్రశ్నకు జవాబు తెలిసిన విద్యార్థికి ఈ పాఠం పూర్తిగా అర్థమైనట్లే. ఇక ఆ సందుగను అటక మీది నుంచి దించడమే తరువాయి.